చీమలు రాని రోజులు

జూన్ 9, సోమవారం

ఇది అంగన్‌వాడీలో మిగిలిపోయిన పాత హాజరు రిజిస్టరు. ముందు సగం అంతా పిల్లల పేర్లే కాబట్టి ఇంట్లో ఎవరూ తెరవరు. నాకు అదే కావాలి. మా ఇంట్లో మాట పెదవి దాటితే చాలు, గోడ అవతల నుంచి చిన్నక్క జవాబు చెబుతుంది. ఆమె మరిది గని ఆఫీసులో క్లర్కు. చిన్నక్క చెవిన వేయడమూ, ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించడమూ ఒకటే.

ఇవాళ ఆయనను ఖమ్మం తీసుకెళ్ళాను. ఆరు నెలలుగా మూత్రం నురగలు కడుతోందట. ఆరు నెలలు! పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే గానీ మా రాందాస్ దొరగారి నోటి నుంచి ఆ మాట రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేసిన మనిషికి ఒంట్లో బాధ చెప్పుకోవడానికి సిగ్గు.

కిడ్నీ డాక్టరమ్మ చిన్న వయసే, కానీ ఓపిగ్గా చెప్పింది. పదకొండేళ్ళ షుగరు కిడ్నీలను తినడం మొదలుపెట్టింది. మూత్రంలో ప్రోటీను పోతోంది. క్రియాటినిన్ 1.7, ఒకటింబావు దాటకూడదట. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి మందులతో చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చు అంది. రెండు కొత్త గోలీలు రాసింది. ఒకటి బీపీకి, అదే కిడ్నీ మీద ఒత్తిడి కూడా తగ్గిస్తుందట. రెండోది పసుపు గోలీ, పొద్దున పూట ఒకటి. అది ఒంట్లో ఎక్కువైన చక్కెరను మూత్రంలోకి తోసేస్తుందట, కిడ్నీని కాపాడుతుందట.

"మూత్రం పోసిన చోట చీమలు పడితే భయపడకండి. గోలీ పనిచేస్తోందని అర్థం," అంది.

చేయకూడనివి కూడా చెప్పింది. నొప్పి గోలీలు, నొప్పి ఇంజెక్షన్లు అసలు వద్దు, అవి కిడ్నీలకు విషం. ఉప్పు తగ్గించాలి. నీళ్ళు తాగకుండా ఎండలో పనిచేయకూడదు. అన్నీ ఒక కాగితం మీద రాయించుకున్నాను.

ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "ఇవేం మింగకుంటే ఎన్నొద్దులకు డయాలసిస్ మిషను మీదికి పోతరు మేడం?"

డాక్టరమ్మ నవ్వి, అంత భయం ఎందుకండీ అంది. నేను కూడా భయమే అనుకున్నాను. బస్సులో వచ్చేటప్పుడు జామాయిల్ తోటలు చూస్తూ కూర్చున్నాడు, ఎన్నడూ చూడనట్టు.

నాకు అనుమానం ఎక్కువని ఆయన అంటాడు. నులిపురుగుల గోలీల రోజున, నాలుక కింద దాచుకుని బయటికెళ్ళి ఉమ్మేసే పిల్లల్ని నేను కాక ఎవరు పట్టుకుంటారు?

జూన్ 15, ఆదివారం

చీమలు వచ్చాయి. బాత్రూం తూము దగ్గర గీత గీసినట్టు బారు. డాక్టరమ్మ చెప్పింది నిజమే. ఇంత చక్కెర ఈ మనిషి ఒంట్లో ఉందా? గోలీ లేకముందు ఇదంతా ఎక్కడ దాక్కుంది?

చిన్నక్క గోడ మీది నుంచి తొంగి చూసి, "ఓ కళావతీ, నీ మొగనికి షుగరు ముదిరింది. చీమలు అబద్ధం చెప్పవు," అంది. అది గోలీ గుణం అని చెప్పాను. నమ్మలేదు. నిజం చెప్పాలంటే నాకూ సగమే నమ్మకం.

జూన్ 16

నల్ల చీమలు. నిన్నటి కంటే ఎక్కువ.

జులై 8, మంగళవారం

రక్తం పరీక్ష చేయించాను. 1.9. పెరిగింది! బాగుపడటానికి మింగిన గోలీతో పెరగడమేమిటి? ఖమ్మం ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. మొదట్లో కొంచెం పెరగడం మామూలే, తర్వాత నిలబడుతుంది, ఆపొద్దు అని డాక్టరమ్మ అంది. ముందే చెప్పకుండా, పెరిగాక మామూలే అంటే ఎట్లా నమ్మడం? ఆ మాటే అనేశాను కూడా.

ఫోన్ పెట్టేశాక చీటీ తీసి చూశాను. అడుగున తెలుగులోనే రాసి ఉంది: మొదటి నెల కొద్దిగా పెరగవచ్చు, ఆపవద్దు. ఆమె చేతి రాతే. సరే.

ఆయనకు ఈ సంగతి చెబితే, "పెరిగిందా? ఎంత?" అని రెండుసార్లు అడిగాడు.

జులై 12, శనివారం

చిన్నక్క గోలీల సంచీ తెచ్చింది. చండ్రుగొండలో పెట్టిన క్యాంపులో ఆమెకు కూడా మూత్రంలో ప్రోటీను ఉందన్నారట, అదే పసుపు గోలీ రాసిస్తే ఇక్కడి షాపులోనే కొన్నదట. "నువ్వు మింగమంటే మింగుత. ఆ డాక్టర్లు ఎవ్వరో నాకు తెల్వదు, నువ్వు తెల్సు," అంది.

డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. చీమలు వస్తాయని, భయపడొద్దని కూడా చెప్పాను. తలూపి వెళ్ళింది. పిల్లల తల్లులు కూడా ఇంతే. సర్కారు వాళ్ళు మైకు పెట్టి చెప్పినా వినరు, నేను గడప దగ్గర నిలబడి చెబితే వింటారు.

జులై 19

ఆయన కాళ్ళ వాపు దిగింది. ముఖం తేటపడింది. రాత్రి మజ్జిగన్నం తిని పాటలు పెట్టుకున్నాడు. ఈ గోలీ కనిపెట్టిన వాళ్ళు చల్లగా ఉండాలి.

జులై 29, మంగళవారం

మూడు రోజులుగా తూము దగ్గర చీమలు లేవు. షుగరు దిగిపోయి ఉంటుంది. పోవడానికి చక్కెర ఉంటే కదా చీమలు రావడానికి. దేవుడున్నాడు.

ఆగస్టు 4, సోమవారం

దేవుడి మాట అట్లా ఉంచి, పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడుతోంది. షుగరు చూపిస్తే 260. అంత చక్కెర ఉంటే చీమలు ఎందుకు రావు? గోలీ లెక్క సరిగ్గా ఉంది, రోజుకొకటి ఖాళీ అవుతోంది. అంటే గోలీలోనే ఏదో తేడా. నకిలీ మందుల సంగతి టీవీలో చూపిస్తూనే ఉన్నారు.

అంగన్‌వాడీ సెంటరు నుంచి నేరుగా జగదీష్ మందుల షాపుకు వెళ్ళాను. నలుగురి ముందే అడిగాను. పాపం అతని ముఖం మాడిపోయింది. డబ్బా, బిల్లు, బ్యాచి నంబరు అన్నీ బల్ల మీద పెట్టాడు.

"అక్కా, చిన్నక్క కూడా గీ డబ్బాల గోలీలే కొన్నది. ఆమెను అడుగు. నకిలీవైతే నా షాపు తాళం నువ్వే వెయ్యి," అన్నాడు.

అడుగుతాను. ఎందుకు అడగను?

ఆగస్టు 5

అడగాల్సిన పని పడలేదు. వాళ్ళ బాత్రూం తూమూ మా తూమూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. పొద్దున గోడ మీది నుంచి చూశాను. వాళ్ళ వైపు చీమల బారు. మా వైపు ఒక్కటీ లేదు. డబ్బా ఒకటే, బ్యాచి ఒకటే.

అంటే గోలీ మంచిదే. ఆయన కడుపులోకే పోవడం లేదు.

ఆగస్టు 6

నేను ఎనిమిదింటికే సెంటరుకు వెళ్ళిపోతాను. గోలీ ఇచ్చేది కోడలు తిరుమల. టిఫిన్ పెట్టి, గోలీ చేతిలో పెట్టి, నీళ్ళిస్తుంది. ఇస్తుందని చెబుతుంది. నేను ఎన్నడూ చూడలేదు.

ఆగస్టు 17, ఆదివారం

భద్రు వచ్చాడు. ఈయనతో పాటే గనిలో చేరిన మనిషి. రెండేళ్ళ కింద నడుం పడిపోతే మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని దింపేసింది. ఆ ఉద్యోగం అతని కొడుక్కి వచ్చింది. మా కంపెనీలో అదొక పద్ధతి. మనిషి పనికిరాడని బోర్డు రాస్తే, కొడుకో కూతురో ఆ చోట్లో చేరతారు. అయితే రిటైర్మెంటుకు రెండేళ్ళ పైన మిగిలి ఉండగానే బోర్డు ముందుకు పోవాలి.

నేను చాయ్ పెడుతున్నానని వాళ్ళు మరిచిపోయినట్టున్నారు.

"అక్టోబరు దాటితే నీ కాయితం ఎవ్వడు తీస్కోడు రాందాసు," అన్నాడు భద్రు.

"పెట్టిన. అక్టోబరు నడిమిట్ల పిలుస్తరంట," అన్నాడు ఆయన.

చాయ్ ఇచ్చి బయటికొచ్చాను. మా అబ్బాయి వాసు బ్యాగు మంచం మీద ఉంది. తెరిచాను. తల్లిని, తెరవకూడదని ఎక్కడుంది? డిపెండెంట్ ఉద్యోగం దరఖాస్తు, వాడి ఇంజినీరింగు సర్టిఫికెట్ల జిరాక్సులు. కింద కొడుకు సంతకం, పైన తండ్రి సంతకం. నాకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

ఇప్పుడు అంతా కలిసింది. వాసుకు ఇరవై తొమ్మిది. కొత్తగూడెంలో పార్సిళ్ళు పంచుతున్నాడు. తిరుమలకు ఐదో నెల. తండ్రి కిడ్నీలు బాగుపడితే బోర్డు ఫిట్ అంటుంది. బాగుపడకపోతే వాడికి ఉద్యోగం. పసుపు గోలీ రోజూ కోడలి చేతి మీదుగా పోతోంది.

నా కడుపున పుట్టిన వాడి గురించి ఇది రాస్తున్నాను.

ఆగస్టు 19, మంగళవారం

తిరుమలను అడిగేశాను. మెల్లగా అడుగుదామనే అనుకున్నాను. గోలీలు ఏం చేస్తున్నావని నోటి నుంచి వచ్చేసింది.

"నా చేతుల్తోనే ఇస్తున్న అత్తమ్మా. రోజూ. నా కడుపుల బిడ్డ మీద ఒట్టు," అని ఏడ్చింది.

ఒట్లు నేను చాలా విన్నాను. ఇవాళ రెండు పూటలా అన్నం మానేసి పడుకుంది. ఐదో నెల మనిషి. నేనే కలిపి తినిపించాను. తినిపిస్తూ కూడా అనుమానంగానే చూశానని ఇప్పుడు తెలుస్తోంది.

ఆగస్టు 24, ఆదివారం

ఆయన యూనిఫాం ఉతకడానికి నానబెడుతూ జేబులో చేయి పెట్టాను. బొగ్గు పొడి ఎప్పుడూ ఉంటుంది. ఇవాళ దానితో పాటు మెత్తటి ముద్ద తగిలింది. పసుపు రంగు. గోరుతో గీకితే ఇంకా సగం కరగని గోలీ ఒకటి ఊడి వచ్చింది. ప్యాంటు జేబులోనూ అదే.

పాతికేళ్ళ నుంచి పిల్లల నాలుకల కింద వెతుకుతున్నాను. ఇంట్లో మనిషి నోరు మాత్రం తెరిపించి చూడలేదు.

వాసు, తిరుమల ఆస్పత్రికి వెళ్ళారు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తడి చొక్కా అట్లాగే తీసుకెళ్ళి ముందు పెట్టాను.

"ఇదేంది?"

"సూస్తే తెల్వట్లేదా?" చొక్కా వైపే చూస్తున్నాడు, నా వైపు కాదు.

"ఎన్నొద్దుల సంది?"

"మొదట నెలన్నర మంచిగనే మింగిన కళా. కాళ్ళు దిగినయ్. పానం లేచొచ్చినట్టయింది. గదే భయమైంది. గిట్లనే మంచిగైతే బోర్డుల ఫిట్ అని రాస్తరు."

"వాసు చెయ్యమన్నడా?"

"వానికి తెల్వదు. తెలిస్తే సంతకమే పెట్టకపోవు. నాకు మోకాళ్ళు, కిడ్నీలు రెండూ పోయినయనే చెప్పిన." చొక్కా జేబు లోపలికి తోశాడు. "మా నాయిన కండ్లు మసకైతే దిగిపోయి నన్ను ఎక్కిచ్చిండు. అట్లనే మనం బతికినం. నా కొడుక్కి నేను ఏమిచ్చి పోవాలె? పార్సిల్ సంచా?"

"సచ్చిపోతవ్," అన్నాను.

"రెండు నెల్లే. బోర్డు అయిన తెల్లారే మల్ల మింగుత. గోలీలు యాడికి పోతయ్, షాపుల్నే ఉంటయ్ గద. కిడ్నీ యాడికి పోతది?"

చొక్కా ఆయన ముఖాన కొట్టాను. పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో ఎప్పుడూ చేయని పని. ఆయన దాన్ని తీసి మడత పెట్టి పక్కన పెట్టుకున్నాడు.

ఆగస్టు 25

తిరుమలను క్షమించమని అడగాలి. అడిగితే కారణం చెప్పాలి. అడగలేదు.

ఆగస్టు 26

డాక్టరమ్మకు ఫోన్ చేద్దామని తీసి, పెట్టేశాను. సెంటరులో పిల్లలు అల్లరి చేస్తున్నారు. తర్వాత చేయవచ్చు.

ఆగస్టు 30, శనివారం

ఆయనతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతున్నాను, నీళ్ళు పెడుతున్నాను, గోలీ పక్కన పెడుతున్నాను. మింగావా అని అడగడం లేదు. నేను అడగనని ఆయనకు తెలుసు.

ఒక్కటి మాత్రం అబద్ధం కాదు. వచ్చే ఏడాదికి వాసుకు ముప్పై వస్తాయి. పుట్టే పిల్లకు తండ్రి ఏం చేస్తాడని స్కూలు ఫారంలో అడుగుతారు. అట్లాంటి ఫారాలు నేనే నింపుతాను కాబట్టి తెలుసు.

అక్టోబరు నడిమి దాకా ఎన్ని వారాలో క్యాలెండరు మీద చూశాను. చూడటం తప్పు కాదు.

సెప్టెంబరు 8, సోమవారం

ఖమ్మం. క్రియాటినిన్ 3.1.

డాక్టరమ్మ కాగితాలు ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. ఇంత తొందరగా పెరగకూడదండీ అంది. నొప్పి గోలీలు ఏమైనా వేసుకుంటున్నారా అని ఆయనను అడిగింది. లేదు మేడం అన్నాడు. తర్వాత నా వైపు తిరిగింది.

"అమ్మా, మీరు చెప్పండి. రోజూ మందులు వేసుకుంటున్నారా?"

ఆయన నా వైపు చూడలేదు. గోడ మీద ఉన్న కిడ్నీ బొమ్మ చూస్తున్నాడు.

"నా చేతుల్తోనే ఇస్తున్న మేడం," అన్నాను. "రోజూ."

ఆమె నమ్మింది. అంగన్‌వాడీ టీచరు మాట కదా. సరే అయితే ఇంకొన్ని పరీక్షలు చేద్దాం, వేరే కారణం ఏదో ఉండాలి అని రాసుకుంది.

బస్టాండులో ఆయన నాకు చెరుకు రసం ఇప్పించబోయాడు. వద్దన్నాను. తనకు కూడా ఇప్పించుకోలేదు.

సెప్టెంబరు 22, సోమవారం

నిన్నటి నుంచి బతుకమ్మ. తంగేడు పువ్వు కోసం పిల్లల తల్లులతో అడవి అంచు దాకా వెళ్ళొచ్చాను. అందరూ ఆయన ఆరోగ్యం అడిగారు. దేవుడి దయ అన్నాను. ఏది దయో నాకే తెలియదు.

ఇల్లు సర్దుతుంటే పరుపు కింద నొప్పి గోలీల పట్టీలు దొరికాయి. నాలుగు, వాటిలో మూడు ఖాళీవి. గని దగ్గరి కిరాణా కొట్టులో అడిగినన్ని ఇస్తారు. డాక్టరమ్మ వద్దన్నవి రాయించుకున్న కాగితం కూడా అక్కడే, మడత పెట్టి ఉంది. నేను జాగ్రత్త కోసం రాయించుకున్న కాగితం. ఆయన దాన్ని చూసి అందులో వద్దన్నవన్నీ ఒక్కొక్కటిగా చేస్తున్నాడు.

పట్టీలు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తీసిన చోటే పెట్టేశాను.

ఎందుకు పెట్టాను? తీస్తే ఇంకోటి కొనుక్కుంటాడు. అందుకే పెట్టాను.

అక్టోబరు 5

తిరుమలకు సీమంతం మాటలు. ఆమె నాతో మామూలుగా మాట్లాడుతోంది. నేనే ఆమె ముఖం చూడలేకపోతున్నాను.

అక్టోబరు 16, గురువారం

బోర్డు అయింది.

కంపెనీ పెద్ద దవాఖానాలో వరుసగా కుర్చీలు. నడుం పట్టుకున్న వాళ్ళు, ఛాతీ పట్టుకున్న వాళ్ళు, వాళ్ళ వెనుక ఇస్త్రీ చొక్కాల్లో కొడుకులు. ఎవరు నిజం, ఎవరు నటన అని నా కళ్ళు వాటంతట అవే వెతికాయి. మా వంతు వచ్చినప్పుడు ఆయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. వాసు చంక కింద చేయి వేసి లేపాడు. అది నటన కాదు. నాకు తెలుసు, ఆయన ఒళ్ళు చల్లగా చెమట పట్టి ఉంది.

అన్‌ఫిట్ అని రాశారు. బయటికొచ్చి ఆయన నవ్విన నవ్వు, పెళ్ళి పందిట్లో కూడా అట్లా నవ్వలేదు. వాసు మాత్రం నవ్వలేదు. తండ్రి చేయి వదలకుండా, "నీకింత బాలేదని నాకెందుకు చెప్పలే నాయినా," అన్నాడు.

ఈ పిల్లాడి బ్యాగునా నేను వెతికింది?

అక్టోబరు 17

పొద్దున నేను గోలీ పెట్టకముందే ఆయనే అడిగి తీసుకుని మింగాడు. నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు. "సూడు టీచరమ్మా, పోయింది." ఇద్దరం నవ్వాం. చాలా రోజులైంది.

మధ్యాహ్నం మింగినదంతా కక్కాడు.

అక్టోబరు 21

ఇవాళ కూడా కక్కాడు. నీళ్ళు కూడా నిలవడం లేదు. గోలీ కొత్త కదా, అలవాటు తప్పింది కదా, అందుకే.

అక్టోబరు 27, సోమవారం

6.4.

డాక్టరమ్మ ముందు ఆయన ఎడమ చేయి చూసింది. "ఈ చేతికి ఇక మీదట సూదులు వేయనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. డయాలసిస్‌కు ఈ నరం కావాలి," అంది. అంటే ఏమిటో ఆయనకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. కుడి చేత్తో ఎడమ చేయి కప్పుకున్నాడు.

"గా పసుపు గోలీ మింగుతున్న మేడం," అన్నాడు. చిన్న పిల్లాడిలా అన్నాడు. "పదొద్దుల సంది తప్పకుంట మింగుతున్న."

"పది రోజుల నుంచా?" అని ఆమె నా వైపు చూసింది.

పక్కన వాసు ఉన్నాడు.

"జూన్ నుంచే మేడం. ఆయనకు యాది ఉండదు," అన్నాను.

ఆమె ఆ గోలీ పేరు మీద గీత కొట్టేసింది. ఇక దానితో లాభం లేదట, ఈ దశలో ఆపేయడమే మంచిదట. మొదట్లోనే పట్టుకున్నాం కదా, మీరు ఇంత శ్రద్ధగా ఇచ్చారు కదా, అయినా ఎందుకు లొంగలేదో నాకు అర్థం కావడం లేదమ్మా అంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తన తప్పేమో అని చూసుకుంటున్న ముఖం అది. ఆ ముఖం నేను చూశాను.

గోలీలు షాపులోనే ఉన్నాయి. కిడ్నీ మాత్రం పోయింది.

నవంబరు 6, గురువారం

వారానికి రెండుసార్లు భద్రాచలం. మెడ దగ్గర గొట్టం పెట్టారు. నాలుగు గంటలు మిషను. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. సాయంత్రం బస్సులో ఆయన తల నా భుజం మీద పెట్టుకుని పడుకుంటాడు. గోదారి వంతెన దాటేటప్పుడు ఇవాళ కళ్ళు తెరిచి, "పోరనికి ఆర్డరు వచ్చిందా?" అని అడిగాడు. రాలేదన్నాను. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

నాకు ఆయన మీద కోపం ఉంది. ఆయనను చూస్తే మాత్రం రావడం లేదు. అద్దంలో చూసుకున్నప్పుడు వస్తోంది.

నవంబరు 14, శుక్రవారం

వాసుకు ఆర్డరు వచ్చింది. డిసెంబరు ఒకటిన చేరాలి. ఆయన కాగితం వేళ్ళతో తడిమి, తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. తిరుమల స్వీటు పంచింది.

వాసు అందరికీ ఒకటే మాట చెబుతున్నాడు. "ఆ ఖమ్మం గోలీలే మా నాయిన కిడ్నీలు తిన్నయ్. మా అమ్మ దినాం తన చేతుల్తోనే ఇచ్చింది, ఒక్కరోజు తప్పలే. గోలీ మొదలుపెట్టినప్పుడు నడుసుకుంట పోయిన మనిషి, ఇప్పుడు సూడుర్రి."

వాడు అబద్ధం చెప్పడం లేదు. తల్లి చెప్పింది చెబుతున్నాడు.

నవంబరు 17

సెంటరులో ఇద్దరు తల్లులు మాట్లాడుకుంటున్నారు. ఒకామె మామ, ఇంకొకామె పెద్దమ్మ, పసుపు గోలీ మానేశారట. "టీచరమ్మ ఇంట్లనే గట్లయిందట." నన్ను చూసి మాట మార్చారు. నేను పిల్లలకు గుడ్లు పంచాను.

నవంబరు 19, బుధవారం

సాయంత్రం చిన్నక్క గోడ మీది నుంచి కాకుండా గుమ్మం లోంచి వచ్చింది. చేతిలో గోలీల సంచీ. నా ముందు పెట్టింది.

"సెంటర్ల పాత మందులు పారేసే డబ్బా ఉంటది గద, అండ్ల ఏసెయ్యి. వారం సంది మింగుతలేను. పిల్లలు ముట్టుకుంటరని ఇంట్ల ఉంచలే."

"ఎందుకు ఆపినవ్? నీకు ప్రోటీను తగ్గిందన్నరు గద."

"తగ్గిందంట. ఏమో. నువ్వంత మనిషివి, చదువుకున్నదానివి, చేతుల్తోని ఇస్తే నీ మొగనికే గట్లయింది. నన్నెవ్వరు సూస్తరు?" అంది. ఆమె పాదాల వైపు చూశాను. చీలమండల దగ్గర మళ్ళీ ఉబ్బు.

సంచీ నా ఒళ్ళో ఉంది. తీసుకుని డబ్బాలో వేసేస్తే అయిపోతుంది. చిన్నక్క మరిది ఆదివారం భోజనానికి వస్తాడు. ఆమె కడుపులో మాట దాగదు, ఆఫీసుకు చేరితే ఉద్యోగమే రద్దు. ఇదంతా నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. వాసు ఆర్డరు, ఆయన తలగడ, తిరుమల ఎనిమిదో నెల. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. చిన్నక్క మెల్లగా ఆయన దారే పడుతుంది, గోలీ మంచిది కాదని ఊరంతా అంటారు.

"ఆయన మింగలే చిన్నక్కా," అన్నాను.

"ఏంది?"

"మొదట నెలన్నర తప్ప మింగలే. ఉమ్మేసిండు. నొప్పి గోలీలు మింగిండు. నాకు తెల్సు. తెల్సి కూడా డాక్టరమ్మకు అబద్ధం చెప్పిన. గోలీ తప్పు లేదు. మేమే చేసినం."

"మేమే" అనే మాట నా నోటి నుంచి వస్తుందని నాకే తెలియదు. ఈ పుస్తకంలో ఇన్ని పేజీలు రాశాను, ఎక్కడా రాయలేదు.

చిన్నక్క చాలాసేపు నన్ను చూసింది. నేను అందరినీ చూసే చూపు, ఇవాళ నా మీద పడింది.

"వాసుకు తెల్సా?"

"తెల్వదు."

ఆమె నా ఒళ్ళోంచి సంచీ తీసుకుని, కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. మరిదికి చెబుతుందో లేదో తెలియదు. అడుక్కోవాలని నోటి దాకా వచ్చింది, అడుక్కోలేదు. రేపు ఆ ఇద్దరు తల్లులకూ చెప్పాలి. ఖమ్మం ఫోన్ చేసి డాక్టరమ్మకు చెప్పాలి. తిరుమలకు చెప్పాలి.

వాసు లోపల చేరిక కాగితాలు సర్దుకుంటున్నాడు. "అమ్మా, నాయిన సంతకం ఇంకోటి కావాలె, లేపాల్నా?" అని అడుగుతున్నాడు.

లేపొద్దు, ఆగు, నేను వస్తున్నా అన్నాను. ఇది వాడు బయటి వాళ్ళ నోట వినకూడదు. వెళ్తున్నాను.